పెట్టుబడి ఒకరిది, పెట్టుబడి సాయం ఇంకొకరికి

2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో దాదాపు తొమ్మిది వేల కోట్ల రైతు భరోసా వేశామని, ఎన్ని ఎకరాలున్నా అందరికీ ఇచ్చామని ప్రభుత్వం చాటుకుంది. వేసింది నిజమే, కాదనం. మా దౌల్తాబాద్ మండలంలో ఆ పైసలతోనే విత్తనం, మందు బస్తా కొన్న చిన్న రైతులున్నారు. వాళ్లలో మన సంఘం సభ్యులూ ఉన్నారు. మేము అడిగేది ఒక్కటే. దీన్ని పెట్టుబడి సాయం అంటున్నారు కదా, మరి పెట్టుబడి పెట్టిన మనిషికి ఎందుకు రాలేదు?

మూడెకరాలు కౌలుకు పట్టినవాడి లెక్క చూడండి. నాటుకు ముందే కౌలు పైసలు ఆసామి చేతిలో పెట్టాలి. ట్రాక్టర్ కిరాయి, నాటు కూలి, బోరు మోటరు కాలితే రిపేరు, అన్నీ ఇతని నెత్తినే. బ్యాంకులో అప్పు పుట్టదు, వడ్డీకి తేవాలి. సీజనుకు ఎకరానికి 6,000 లెక్కన ఆ మూడెకరాల మీద వచ్చిన 18,000 మాత్రం పట్నంలో ఉన్న పట్టాదారు ఖాతాలో పడతాయి. యాభై ఎకరాల ఆసామికైతే సీజనుకు 3 లక్షలు. భూమి సాగుకు పనికొచ్చేదైతే చాలు, తాను నాగలి పట్టాడా లేదా అని అడిగేవాడు లేడు. వడ్లు కేంద్రానికి తెచ్చినా చాలాచోట్ల పట్టాదారు పేరు మీదే అమ్మాలి. సన్నాలకిచ్చే 500 బోనస్ కూడా ముందు ఆయన ఖాతాకే పోతుంది. ఆయన మంచోడైతే తిరిగి ఇస్తాడు.

ఇది 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైననాటి అన్యాయమే. ధరణి వచ్చాక పహాణీలో అనుభవదారు గడి కూడా పోయింది. 2022 మే 6న వరంగల్ డిక్లరేషన్‌లో కాంగ్రెస్ పార్టీ కౌలు రైతులతో సహా ఏడాదికి ఎకరానికి 15,000 ఇస్తామంది. 2025 జనవరి 26న పథకం మొదలయ్యేసరికి 15,000 కాస్తా 12,000 అయింది, కౌలు రైతు మాయమయ్యాడు. భూమిలేని కూలీలకు ఆత్మీయ భరోసా పెట్టారు, మంచిదే. కానీ అరెకరం సొంతం ఉండి నాలుగెకరాలు కౌలు చేసేవాడికి అదీ వర్తించదు. ముఖ్యమంత్రి గారి కొడంగల్‌లోనూ ఒక దౌల్తాబాద్ మండలం ఉంది. అక్కడి కౌలు రైతు గతీ ఇదే.

కౌలుదారును గుర్తించడం కష్టమంటారు. 2023 మార్చిలో వడగండ్లు పడ్డప్పుడు నాటి ముఖ్యమంత్రి ఎకరానికి 10,000 ప్రకటించి, కౌలు రైతులనూ ఆదుకోవాలన్నారు. పంట పోయిననాడు కనబడే మనిషి, పంట వేసేనాడు ఎందుకు కనబడడు? ఊళ్లో ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో కల్లు దుకాణంలో అడిగినా చెప్తారు. రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో సాగుదారుల్లో మూడో వంతుకు పైగా కౌలు రైతులే తేలారు. అమెరికాలో కూడా నగదు కౌలు పద్ధతిలో పంట నష్టం మోసే సాగుదారుకే ప్రభుత్వ సాయం వెళ్తుంది. మన దగ్గర ఒడిశా 2018లో తెచ్చిన కాలియా పథకంలో కౌలుదారులకూ చోటిచ్చింది.

చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కింద కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఆ కార్డులు ఇవ్వడం మానేసింది ప్రభుత్వాలే.

ఇక పట్టాదారులతో ఒక మాట. మీరు మాకు శత్రువులు కారు, మనలో సగం మంది రెండెకరాల పట్టాదారులే. 38-ఇ పేరు చెప్పి, కార్డు ఇస్తే భూమి పోతుందని కొందరు భయపెడుతున్నారు. అది 1950 నాటి రక్షిత కౌలుదారుల సంగతి. 2011 చట్టం కార్డు ఉన్నవాడికి భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. అప్పు, బీమా, నష్టపరిహారం, ఇవే.

మా డిమాండ్ ఇది: యాసంగి సాయం వేసేలోపు కార్డులివ్వాలి, కార్డున్న సాగుదారు ఖాతాలో భరోసా వేయాలి, పట్టాదారు సాయానికి ఎకరాల పరిమితి పెట్టాలి. మండలంలోని ప్రతి ఊరి నుంచి కౌలు రైతుల దరఖాస్తులు సంఘం తరఫున తహసీల్దారు ఆఫీసులో ఇస్తున్నాం. ఆధార్ జిరాక్సు, సాగు చేస్తున్న సర్వే నంబరు, ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలో రాసుకుని మీ ఊరి కమిటీకి ఇవ్వండి.