కంటికి కానరాని రబ్బరు పట్టీ

ప్రాతవస్తువులను పదిలపరచుకొనుట మెచ్చదగిన అలవాటు. కాని పదిలపరచుట యనగా పైకి రంగు పూసి తళతళలాడించుటయే యని చాలమంది తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదని మా అభిప్రాయము. ఇందుకు నిదర్శనముగా జర్మనీ దేశపు వోక్స్‌వ్యాగన్ వ్యానును, అందులోని యొక రబ్బరు పట్టీని చూపుచున్నాము.

ఈ వ్యాను 1950లో వోల్ఫ్స్‌బుర్గ్ నగరమున తయారగుట మొదలైనది. 1956లో దాని తయారీ హానోవర్ నగరమందలి క్రొత్త కర్మాగారమునకు మారినది. బ్రెజిలు దేశమున దీని సంతతి 2013 వరకు సాగినది. నేటికిని ఐరోపా, అమెరికాలలో పలువురు ఈ ప్రాత బండ్లను అభిమానముతో నడుపుకొనుచున్నారు.

తొలినాటి ఆ వ్యానులలో ఇంజను వెనుక భాగమున నుండును. దానిని చల్లార్చుటకు నీరు లేదు, రేడియేటరు లేదు, గాలియే ఆధారము. బండి ప్రక్కలనున్న చీలికల గుండా గాలి ఇంజను గదిలోనికి వచ్చును. ఇంజనుతోపాటు తిరుగు ఫంకా ఆ గాలిని పీల్చి, సలసల కాగుచున్న సిలిండర్లమీదికి త్రోయును. వేడిని గ్రహించిన గాలి క్రిందికి వెడలిపోవును. పైనున్న చల్లగాలికిని, క్రిందనున్న వేడిగాలికిని నడుమ రేకులు గోడవలె అడ్డు నిలుచును. అయితే నడుచునప్పుడు ఇంజను అదరుచుండును గనుక, ఆ రేకులను బండి యొడలికి ఆనించి బిగింపరాదు. కొంత సందు విడువక తప్పదు. ఆ సందును మూయునదే ఈ రబ్బరు పట్టీ. మెకానిక్కులు దీనిని సీలు అందురు.

ఏండ్ల తరబడి వేడికిని నూనెకును గురియైన రబ్బరు గట్టిపడి పగులును. అప్పుడు క్రింది వేడిగాలి పగుళ్ల గుండా పైకి వచ్చును. ఫంకా దానినే మరల పీల్చి ఇంజనుమీదికి త్రోయును. చల్లార్చవలసిన గాలియే కాల్చుట కారంభించును. నూనె పలుచనై, తుదకు ఇంజను చెడును. అంతకంటె భయంకరమైన మాట యొకటి కలదు. చలిదినములలో ప్రయాణికులకు వెచ్చదనమిచ్చు గాలిని త్రోయునదియు ఆ ఫంకాయే. పొగగొట్టము చిల్లిపడి, పట్టీయు చెడియున్నచో, కార్బన్ మోనాక్సైడు బండిలోనికి చేరు ప్రమాదము కలదు. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. కాని ప్రాణము తీయగలదు.

"ఇంత చిన్న పట్టీకొరకు ఇంజనంతయు దింపవలెనా?" యని కొందరు అడుగుదురు. అడుగుట న్యాయమే, ఇంజను దింపిననే గాని ఈ పని చక్కగా కుదరదు. కాని క్లచ్చి మార్చుటకైనను ఇంజను దింపవలసినదే గదా! అట్టి సమయముననే పట్టీని కూడ మార్చినచో శ్రమ రెండింతలు కాదు. ఆ అదను జారవిడచి, పట్టీ ధరకు వెనుకాడి, రంగునకు మాత్రము ధారాళముగ వెచ్చించుట తెలివిగాదు.

ఈ పనిలో ఓపిక ముఖ్యము. మొదట బ్యాటరీ తీగను విప్పవలెను. ఇంజను దింపిన పిమ్మట, గాడిలో అంటుకొనియున్న ప్రాతరబ్బరును గీకి, త్రుప్పును తీగ బ్రష్షుతో రుద్ది, రంగు వేసి ఆరనీయవలెను. క్రొత్త పట్టీ సులువుగ జారుటకు సబ్బునీరు చాలును. నూనెగాని గ్రీజుగాని పూసినచో రబ్బరు పాడగును. పట్టీని సాగదీసి కూర్చరాదు. సాగినది పిదప ముడుచుకొని సందు విడుచును. ఇంజను ఎక్కించునప్పుడు పట్టీ అంచు మడతపడకుండ చేతితో తడిమి చూడవలెను. ఇందులో ఏ మెట్టును తొందరపడి దాటరాదు.

బడి పత్రికలో జర్మనీ బండి ముచ్చట యేల యని తలిదండ్రులు అడుగవచ్చును. వేడిగాలి పైకి లేచునని మన పిల్లలు పుస్తకమున చదువుచున్నారు. ఆ వాక్యము నిజముగ అర్థమగునది, రబ్బరు పట్టీ పగిలిన ఇంజను ముందు నిలిచిననాడే. చేతులకు మసి యంటినంతమాత్రమున చదువునకు తక్కువ కాదు. మరమ్మతు దుకాణమున పనిచేయువానిని చూచి "చదువురానివాడు" అనుట మన పెద్దలు మానవలెను.

విద్యార్థులారా! ఇంటనున్న కుట్టుమిషనుగాని, సైకిలుగాని మరమ్మతునకు విప్పినప్పుడు దగ్గర కూర్చుండి చూడుడు. ప్రతి చిన్నభాగమును చూపి, ఇది లేకున్న నేమగునని అడుగుడు. మెరయుభాగమునకు వేయవలసిన రంగు రేపు వేయవచ్చును. పగిలిన పట్టీని మాత్రము నేడే మార్చవలెను.