చిత్రలేఖనమును చూచి నేర్వవచ్చునా?

"ఏకలవ్యుడు బొమ్మ యెదుట విద్య నేర్చెను గదా, మా పిల్లవాడు ఫోనులో గురువును జూచి బొమ్మలు నేర్చిన తప్పేమి?" అని మన పావగడ తాలూకాలో పలువురు తెలుగు తల్లిదండ్రులు వాదించుచున్నారు. వాదము వినుటకు ఇంపుగనే యున్నది. కాని ఏకలవ్యుడు ద్రోణుని ప్రతిమను చూచుచు కూర్చుండలేదు, బాణములు వేసెను. మన పిల్లలు పాఠము వెంట పాఠము చూచుచున్నారే గాని కాగితము ముట్టుట లేదు. (ద్రోణుడు బొటనవ్రేలు కోరెను, నేటి గురువులు బొటనవ్రేలితో మీట నొక్కుమని కోరుచున్నారు. అది వేరు సంగతి.)

అంతర్జాలపు గురువులను నేను నిందించుట లేదు. ఉద్యోగవిరమణానంతరము నేనును వారియొద్దనే గీతలు దిద్దుచున్నాను. డ్రాఅబాక్స్ అను ఉచిత పాఠమాల కలదు. అందు మొదట సుందరవదనములు లేవు; గీతలు, వలయములు, పెట్టెలు మాత్రమే. అటుపై 250 పెట్టెలు గీయుమందురు! జీవితమంతయు కచేరీ పుస్తకములకు గళ్లు గీచిన గుమాస్తాకే ఓపిక చాలని పని. అయినను, ముప్పది దినములలో చిత్రకారుని చేసెదమని ఆశ జూపువారికంటె ఇది వేయి రెట్లు నయము.

మరి లోపమెక్కడ? ఒక చెంబును బల్లపై నుంచి గీయుడు. కంటికి దిగువనున్న చెంబు మూతి కోలగా గానవచ్చును. అడుగు ఇంకను దిగువ నున్నది గనుక దాని వంపు మూతి వంపుకంటె ఎక్కువ కావలెను. క్రొత్తవారు సాధారణముగ అడుగును తిన్నని గీతగా గీయుదురు. చెంబు బల్లపై నిలువవలెను గదా యని వారి తలంపు! తెరమీది గురువు ఈ నియమమును చక్కగ జెప్పును. మీ కాగితముపై ఆ గీత తిన్నగ నున్నదని మాత్రము ఆయనకు కనబడదు. చెప్పువాడు కలడు, దిద్దువాడు లేడు. డ్రాఅబాక్స్ వారికిని ఈ సంగతి తెలియును గనుకనే, అభ్యాసకుల గీతలను ఇతరులు చూచి తప్పులు చెప్పు ఏర్పాటు చేసిరి.

రాజమహేంద్రవరమున ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఒక బాలుని బొమ్మలను జూచి, బొంబాయి జె. జె. కళాశాలకు దారి చూపెను. ఆ బాలుడే దామెర్ల రామారావు (1897–1925). ఆ దొర తన బొమ్మలను చూపి యూరకుండక, బాలుని బొమ్మలను చూచెను.

"మన యూర దిద్దువా రెవరు?" అందురు. హిందూపురము మీదుగ పోయిన లేపాక్షి యెంత దూరము? పదునారవ శతాబ్దపు కప్పు చిత్రములు నేటికిని అచట నున్నవి. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుపై రేఖలు దిద్దుచున్నారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించెను. వారికి మన తెలుగు వచ్చును. బడిలో కన్నడము, ఫోనులో ఆంగ్లము వినెడి మన పిల్లలకు, "ఈ గీత వంకర" యని ఇంటి భాషలో చెప్పువారు బస్సు దూరములో నున్నారు. మనము పిలువలేదు. ఏటేట పోటీ పెట్టి, రంగులు బాగుగ నింపిన వానికి స్టీలు గిన్నె యిచ్చి పంపుచున్నాము.

సంఘము వారిని నేను కోరునది వేదిక కాదు, బహుమతియు కాదు. నెలకొక ఆదివారము ఒక గది తెరచి, రెండు చాపలు పరచుడు. పిల్లలు ఫోనులు ఇంట నుంచి, తాము గీచిన కాగితములతో, తప్పొప్పులతో సహా, రావలెను. నిమ్మలకుంట నుండి ఒకరిని దారిఖర్చు లిచ్చి రప్పించుడు. వేసవిలో లేపాక్షి లతామంటపమునకు తీసికొనిపోయి, ఒక్కొక్కరిచే ఒక్కొక్క స్తంభపు అల్లికను గీయింపుడు. మొదటి నెల చాపల వెల నేను పెట్టుకొందును.