ఊదారంగు వెలిసినంత మాత్రాన తేనె మందు కాదు

విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర, వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో ఏటా లెక్కలేనన్ని సార్లు జరిగే ప్రయోగం ఒకటుంది. డీపీపీహెచ్ అనే పొడిని మిథనాల్‌లో కరిగిస్తే ముదురు ఊదారంగు ద్రావణం వస్తుంది. అందులో మునగాకు సారమో, దానిమ్మ తొక్క సారమో, పలచన చేసిన తేనో కొద్దిగా కలిపి అరగంట చీకట్లో ఉంచుతారు. ఊదా వెలిసిపోయి లేత పసుపు మిగులుతుంది. 517 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ ఎంత తగ్గిందో స్పెక్ట్రోఫొటోమీటర్ చెబుతుంది. ఆ తగ్గుదల శాతమే పరిశోధన పత్రంలో ‘చెప్పుకోదగ్గ యాంటీఆక్సిడెంట్ చర్య’ అవుతుంది. వార్తల్లోకి వచ్చేసరికి ‘వృద్ధాప్యాన్ని ఆపే తేనె’ అవుతుంది. సీసా మీది లేబుల్‌కు చేరాక గుండెజబ్బు మొదలు క్యాన్సర్ దాకా అన్నిటికీ విరుగుడు అనిపించేలా తయారవుతుంది.

ఈ మూడు మెట్లలో మొదటిది మాత్రమే విజ్ఞానం, అదీ సగమే. మిగతావి దూకుళ్లు. వీటివల్ల కొనేవాళ్లు మోసపోవడం ఒక నష్టం. అంతకంటే తక్కువగా మాట్లాడుకునే నష్టం మరొకటుంది. తేనె, పుప్పొడి, మొక్కల సారాల గురించి నిజంగా తెలుసుకోవలసిన రసాయనశాస్త్రం ఈ ఊదారంగు చాటున పడిపోతోంది.

డీపీపీహెచ్ కూడా ఒక ఫ్రీ ర్యాడికలే. అంటే దాని అణువులో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. మామూలుగా ఇలాంటివి క్షణాల్లో దేనితోనో ఒకదానితో కలిసిపోతాయి. డీపీపీహెచ్‌లో ఆ ఒంటరి ఎలక్ట్రాన్ అణువంతటా పరుచుకుని ఉండటంవల్ల అది సీసాలో నిశ్చింతగా నిలవ ఉంటుంది. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇది ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ పరికరాన్ని సరిచూసుకునే ప్రమాణ పదార్థంగా పరిచయం. ఫినాల్ జాతి పదార్థం ఏదైనా తన హైడ్రోజన్‌నో, ఎలక్ట్రాన్‌నో ఇచ్చేస్తే ఊదా పోతుంది. చవకైన పరీక్ష, త్వరగా అయిపోతుంది, పెద్ద పరికరం అక్కర్లేదు. వంద మొక్కల్లో ఏ పదింటిని లోతుగా చూడాలో తేల్చుకోవడానికి జల్లెడలా బాగానే పనికొస్తుంది. చిక్కల్లా జల్లెడను తక్కెడ అనుకోవడంలో ఉంది. డీపీపీహెచ్ మనిషి ఒంట్లో ఎక్కడా ఉండదు. మన కణాలు మిథనాల్‌లో తేలుతూ ఉండవు.

ఒంట్లో జరిగేది వేరే కథ. 1956లో డెన్హమ్ హార్మన్ ఫ్రీ ర్యాడికల్స్ వల్లే వృద్ధాప్యం వస్తుందని ప్రతిపాదించారు. ఆలోచన ఆకర్షణీయంగా ఉంది, దాన్ని మనుషుల మీద పరీక్షించారు కూడా. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన అధ్యయనం 1994లో ఫలితాలు ప్రకటించింది. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18% ఎక్కువగా కనిపించింది. దాదాపు ఇదే ప్రశ్నతో అమెరికాలో 18,314 మందిపై మొదలుపెట్టిన మరో అధ్యయనాన్ని హాని కనబడటంతో 1996లో అనుకున్న గడువుకు ముందే ఆపేశారు. 2012లో కొక్రేన్ సమీక్ష 78 పరీక్షలను కలిపి చూసి, బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు మరణాలను తగ్గించకపోగా కొంత పెంచుతున్నట్టుందని తేల్చింది. ఫ్రీ ర్యాడికల్స్ అన్నీ శత్రువులు కావు. తెల్లరక్తకణాలు బ్యాక్టీరియాను చంపేది వాటి సాయంతోనే. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలుపెట్టడానికి కూడా అవి ఇచ్చే సంకేతం కావాలని, విటమిన్ సి, ఇ మాత్రలు ఆ మేలును అడ్డుకుంటున్నాయని 2009లో మైఖేల్ రిస్టో బృందం చూపించింది.

మాత్రల సంగతి వేరు, సహజ ఆహారం సంగతి వేరు అనవచ్చు. కూరగాయలు, పండ్లు తినేవాళ్ల ఆరోగ్యం మెరుగ్గా ఉండటం నిజమే. దానికి కారణం పరీక్షనాళికలో కనబడే గుణమేనా అన్నది ప్రశ్న. ఆపిల్ తిన్న తర్వాత రక్తంలో యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం పెరుగుతున్నట్టు పరీక్షల్లో కనిపించేది. ఆపిల్‌లోని ఫ్లావనాయిడ్ల మహిమేనని అంతా అనుకున్నారు. 2004లో లోటిటో, ఫ్రై అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ లెక్క విప్పి చూస్తే, పెరిగింది యూరిక్ ఆమ్లం అని తేలింది. పండులోని ఫ్రక్టోజ్ కాలేయంలో మారేటప్పుడు యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, అది కూడా యాంటీఆక్సిడెంటే. ఎక్కువైతే కీళ్లవాతం తెచ్చేదీ అదే. తేనెలో సుమారు 38% ఫ్రక్టోజేనని గుర్తుపెట్టుకుంటే ఈ వేళాకోళం మరింత బాగా అర్థమవుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఓఆర్ఏసీ అనే మరో పరీక్ష ప్రకారం వందలాది ఆహారపదార్థాలకు అంకెలు కట్టి పట్టిక ప్రచురించింది. కంపెనీలు ఆ అంకెలను ప్రకటనల్లోకి ఎక్కించాయి. ఆ విలువలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం ఉన్నట్టు ఆధారాలు లేవంటూ 2012లో ఆ శాఖే పట్టికను తొలగించింది. పదేళ్లు దాటినా మన దుకాణాల్లో పొట్లాల మీద ఆ అంకెల నీడ ఇంకా పోలేదు.

ఇక తేనెలో అసలు ఏముందో చూద్దాం. ఫ్రక్టోజ్ కాక సుమారు 31% గ్లూకోజ్, 17% దాకా నీరు. మిగిలిన దానిలో ఇతర చక్కెరలు, ఆమ్లాలు, ఎంజైములు, ఖనిజాలు, పుప్పొడి. ఫినాల్స్ 100 గ్రాములకు పదుల మిల్లీగ్రాముల్లో ఉంటాయి, ముదురు రంగు తేనెల్లో ఇంకొంచెం ఎక్కువ. రెండు చెంచాల తేనె ద్వారా అందేది ఒక కప్పు టీ ఇచ్చేదానికంటే చాలా తక్కువ. ఆ కొద్దిపాటిని కొలిచే ఫోలిన్ పద్ధతిలోనూ ఇబ్బంది ఉంది. ఆ రీఏజెంట్ ఫినాల్స్‌తోనే కాదు, చక్కెరలతోనూ కొంత స్పందిస్తుంది. మూడింట రెండొంతులకు పైగా చక్కెరే ఉన్న పదార్థంలో ఆ అంకెను సవరించకుండా రాసేస్తే ఫినాల్స్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి.

వేడి చేసిన తేనె విషయం మరీ విచిత్రం. మన అడవి తేనెలో తేమ తరచు 20% దాటుతుంది, తొందరగా పులుస్తుంది. అందుకే వడగట్టేముందు వేడి చేస్తారు. వేడి మితిమీరితే డయాస్టేస్ వంటి ఎంజైములు చచ్చిపోతాయి, హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. తేనె ఎంత పాడైందో చెప్పే గుర్తు అది. దేశీయ ప్రమాణాల్లో దాని గరిష్ఠ పరిమితి కిలోకు 80 మిల్లీగ్రాములు. అదే వేడికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమరంగు పదార్థాలు పుడతాయి. రొట్టె కాలినప్పుడు రంగునిచ్చేవీ ఇలాంటివే. అవి కూడా ఊదారంగును పోగొడతాయి. అంటే పొయ్యి మీద మాడ్చిన తేనెకు యాంటీఆక్సిడెంట్ పరీక్షలో తాజా తేనెకంటే ఎక్కువ మార్కులు రావచ్చు. బెల్లం పాకంలోనూ ఫినాల్స్ ఉన్నాయి కాబట్టి అదీ ఈ పరీక్షలో బాగానే నెగ్గుతుంది. పాడైన సరుకునూ కల్తీ సరుకునూ మెచ్చుకునే పరీక్షను నాణ్యతకు గుర్తుగా చూపడం ఎలా కుదురుతుంది?

తేనెకున్న అసలు బలం ఆక్సీకరణను ఆపడంలో లేదు, చేయడంలో ఉంది. తేనెటీగ తన గ్రంథుల నుంచి గ్లూకోజ్ ఆక్సిడేస్ అనే ఎంజైమును మకరందంలో కలుపుతుంది. తేనె కాస్త పలచబడినప్పుడు అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేస్తుంది. పుండ్ల మీద తేనె రాస్తే సూక్ష్మజీవులు చావడానికి చాలా తేనెల్లో ప్రధాన కారణం ఇదే. న్యూజిలాండ్ మనుకా తేనెలో ఆ పని మిథైల్ గ్లయాక్సాల్ చేస్తుంది. పెరాక్సైడ్ ఆక్సీకరణి. ‘యాంటీఆక్సిడెంట్’ అని పొగిడేవాళ్లు తేనె చేసే పనికి సరిగ్గా ఎదురుగా ఉన్న పేరు పెడుతున్నారు. ఏడాది దాటిన పిల్లల్లో దగ్గును తేనె కొంత తగ్గిస్తుందనడానికి కూడా ఓ మోస్తరు ఆధారాలున్నాయి. దానికీ ఊదారంగు పరీక్ష అక్కర్లేదు. ఏడాదిలోపు బిడ్డలకు మాత్రం బొటులిజం ప్రమాదం వల్ల తేనె నాలుకకు రాయడం కూడా తగదు. పురిటింట్లో ఆ ఆచారం ఇంకా నడుస్తూనే ఉంది. దానిమీద రాసిన పత్రాలెన్ని, డీపీపీహెచ్ పత్రాలెన్ని అని ఎవరైనా లెక్కపెడితే బాగుండు.

తేనెటీగలు తుట్టె సందులు పూడ్చే జిగురు, అంటే ప్రొపోలిస్ దగ్గరకు వస్తే పేరే మోసం చేస్తుంది. ఐరోపాలో అది ఎక్కువగా పాప్లార్ మొగ్గల నుంచి వస్తుంది, కెఫీక్ ఆమ్లపు ఎస్టర్లు ఉంటాయి. బ్రెజిల్ ఆకుపచ్చ ప్రొపోలిస్ బక్కారిస్ అనే పొద నుంచి వస్తుంది, ఆర్టెపిల్లిన్ సి దాని ముఖ్య పదార్థం. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అంటగట్టడానికి వీల్లేదు. తేనెటీగ ఏ చెట్టు మీద వాలిందో చెప్పకుండా ‘స్థానిక ప్రొపోలిస్ నమూనా’ అని రాసిన పత్రం వంట చేసి ఏ కూరో చెప్పకుండా రుచి గురించి రాసినట్టుంటుంది. పసుపుదీ ఇలాంటి అనుభవమే. కర్‌క్యుమిన్ పరీక్షనాళికలో దాదాపు ప్రతిదానితోనూ స్పందించి లేని ఫలితాన్ని ఉన్నట్టు చూపగలదని, అప్పటికి జరిగిన డబుల్ బ్లైండ్ వైద్య పరీక్షల్లో ఒక్కటీ సఫలం కాలేదని 2017లో కాథరిన్ నెల్సన్ బృందం రాసింది.

2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షించి, అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి 3 మాత్రమేనని ప్రకటించింది. కంపెనీలు ఆ ఆరోపణను తోసిపుచ్చాయి. ఎవరు చెప్పింది నిజమన్న వాదన పక్కనపెట్టినా, ఆ వివాదంలో ఉన్న విజ్ఞానం గమనించదగ్గది. చెరకు, మొక్కజొన్న సీ-4 మొక్కలు. ఇవి గాలిలోని కార్బన్-13 ఐసోటోపును తీసుకునే నిష్పత్తి, తేనెటీగలు ఎక్కువగా వాలే సీ-3 మొక్కల నిష్పత్తి వేరువేరు. కాబట్టి తేనెలో చెరకు పాకం కలిపితే కార్బన్ లెక్కలో దొరికిపోతుంది. వరి సీ-3 మొక్క. బియ్యం నుంచి తీసిన సిరప్ కలిపితే ఆ లెక్కకు చిక్కదు. దాన్ని పట్టుకోవడానికి ప్రత్యేక గుర్తులు వెతకాలి, లేదా న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్‌తో తేనె మొత్తం వేలిముద్రను చూడాలి. అమెరికాకు పంపే తేనెకు 2020 ఆగస్టు నుంచి ఆ పరీక్ష తప్పనిసరి చేశారు. వేలిముద్రను పోల్చాలంటే అసలు వేలిముద్రలు ముందు ఉండాలి. అరకు వలిసె తేనెది ఎలా ఉంటుంది? నల్లమల అడవి తేనెది? సుందర్‌బన్స్ మడ అడవుల తేనెది? ఇలాంటి నమూనాలను ఏళ్లతరబడి, రుతువులవారీగా సేకరించి దాచే పని అయితే తప్ప ఎదుటివాడి యంత్రం చెప్పిన తీర్పును ఒప్పుకోవడానికీ, కాదనడానికీ మన దగ్గర ఏమీ ఉండదు.

ఈ లోటు మొదట తగిలేది కొండల్లో తేనె పట్టేవాళ్లకు. రాతి గోడకు వేలాడే పెద్ద తేనెపట్టును రాత్రిపూట పొగబెట్టి దించే మనిషికి దక్కే ధర, సిరప్ కలిపిన సీసా ధరతో పోటీపడాలి. తన తేనె వేరని ఆయనకు తెలుసు, రుజువు చేసే కాగితం లేదు. డీపీపీహెచ్ శాతం ఆ కాగితం కాలేదు.

పరిశోధన మార్గదర్శకులనూ, నిధులిచ్చే సంస్థలనూ అడగవలసింది పెద్దదేమీ కాదు. మొక్కల సారం మీద పని చేస్తే ఆ మొక్క నమూనా హెర్బేరియంలో ఉందా? తేనె మీద పని చేస్తే పుప్పొడి విశ్లేషణ, తేమ, హెచ్ఎంఎఫ్, డయాస్టేస్ విలువలు ఇచ్చారా? ఫలానా పదార్థం వల్ల ఫలానా గుణం అంటే ఆ పదార్థాన్ని విడదీసి చూశారా? ఈ మూడూ లేకుండా రంగు మార్పు ఒక్కటే ఉన్న పత్రాన్ని పత్రికలు తిప్పి పంపడం మొదలుపెడితే రెండేళ్లలో పరిస్థితి మారుతుంది. పరికరాలు లేవనే మాట కొంతవరకే నిజం. ఎన్ఎంఆర్ ప్రతి కళాశాలలో ఉండదు, అవసరమూ లేదు.

యాంటీఆక్సిడెంట్ అనే మాటకు నిజమైన చోటు లేకపోలేదు. ఆవకాయ జాడీ అందుకు ఉదాహరణ. నువ్వుల నూనె ఏడాదిపాటు కారువాసన కొట్టకుండా నిలవడానికి అందులోని సెసమాల్ వంటి పదార్థాలు తోడ్పడతాయి. అక్కడ అవి చేసే పనిని కొలవవచ్చు, మరో నూనెతో పోల్చి సరిచూడవచ్చు. ఆహార సాంకేతిక రంగానికి అది విలువైన పరిశోధన.

జిల్లా కళాశాలలో చదివే ఎమ్మెస్సీ విద్యార్థికి తేనె మీద ప్రాజెక్టు చేయాలని ఉంటే సూక్ష్మదర్శిని చాలు. పది గ్రాముల తేనెను గోరువెచ్చని నీళ్లలో కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని స్లైడ్ మీద పరిస్తే పుప్పొడి రేణువులు కనిపిస్తాయి. చుట్టూ ముళ్లున్న గుండ్రని రేణువులు వలిసె, పొద్దుతిరుగుడు కుటుంబానివి. నునుపుగా ఉన్నవి మరో చెట్టువి. ఒక్కటీ కనిపించకపోతే తేనెను మరీ సన్నగా వడగట్టారో, అది తేనే కాదో తేల్చుకోవడానికి తర్వాతి పరీక్ష ఏమిటో అప్పుడు ఆలోచించవచ్చు.