షుక్ర్ మనది, బిల్లు మైకేవాళ్లదా?

పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా ఇంట్లో ఏడో నెల నడుస్తోంది, అల్హందులిల్లాహ్. నలభై దాటాక అబ్బా అని పిలిపించుకోబోతున్నాను. ఫజర్‌కి లేచి ఇద్దరికీ చాయ్ పెట్టడం, ఆఫీసు నుంచి ‘మందులు వేసుకున్నావా’ అని ఫోన్ చేయడం, రాత్రి అమ్మీ పాత చీరలతో బిడ్డకు బొంత కుడుతుంటే పక్కన కూర్చోవడం... ఇంత మామూలు సంసారం ఎంత పెద్ద నేమతో ఇన్నేళ్లు ఎదురుచూసినవాణ్ణి అడగండి. అందుకే ఈ మాట ఇప్పుడే అనాలి. మనలో మొదటి కాన్పు ఖుషీ ఒక ఇంటిది, ఖర్చు ఇంకో ఇంటిది. దీన్ని షుక్ర్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

లెక్క చూడండి. ఏడో నెల రాగానే సత్వాసా. అమ్మాయికి కొత్త జోడా, పూలు, పండ్ల పళ్లేలు, ససురాల్ నుంచి దిగే వందమందికి బిర్యానీ. అంతా అమ్మాయి అబ్బాదే. తర్వాత జచ్చగీకి మైకేకి పంపుతారు. ఆస్పత్రి ఆయనదే, ఆపరేషన్ అయితే అదీ ఆయనదే. ఆ పైన ఛఠీ, చిల్లా, ఊయల, బిడ్డకు వెండి, అల్లుడికి బట్టలు, అల్లుడి అమ్మకు చీర. నికాహ్‌కి చేసిన కర్జ్ ఇంకా తీరని మనిషి నెత్తిన ఇది రెండో జహేజ్. పేరు మాత్రం రస్మ్.

మా మామగారు దర్జీ. ఒక్క కుట్టుమిషన్ మీద ఇద్దరు అమ్మాయిల నికాహ్ చేశారు. సత్వాసా కోసం వడ్డీకి డబ్బు వెతుకుతున్నారని నెల కిందట తెలిసింది. సూద్ హరామ్ అని జుమా జుమాకీ వినే మనమే, మన ఇంటి ఖుషీ కోసం ఒక పెద్దాయనను సూద్ వ్యాపారి గుమ్మం ముందు నిలబెడుతున్నాం! వెళ్లి చెప్పాను: ‘మామూ, సత్వాసా వద్దు. ఆస్పత్రి నాది. మీరు బిడ్డను ఎత్తుకోవడానికి రండి, చాలు.’ ఆయన సంతోషిస్తారనుకున్నాను. భయపడ్డారు. ‘మీవాళ్లు మా అమ్మాయిని ఏమీ అనరు కదా మియా?’ అన్నారు. మనం రస్మ్ అంటున్నది ఈ భయాన్నే.

దీన్ ఏమంటోంది? తలాఖ్ ఇచ్చిన భార్య అయినా సరే, గర్భంతో ఉంటే కాన్పు అయ్యేదాకా ఆమె ఖర్చు మగవాడే భరించాలని సూరా తలాఖ్ 6వ ఆయత్ హుకుం. పాలిచ్చే తల్లి తిండీ బట్టా బిడ్డ తండ్రి జిమ్మేదారీ అని సూరా బఖరా 233వ ఆయత్. విడిపోయిన భార్యకే ఇంత హక్ ఉంటే, నికాహ్‌లో ఉన్న భార్యను ‘మొదటి కాన్పు మీదే’ అని బిల్లుతో సహా పంపడం ఏ కితాబ్‌లో ఉంది? సూరా లుఖ్మాన్ 14వ ఆయత్‌లో తల్లి నీరసం మీద నీరసంతో బిడ్డను మోసిందని చెప్పిన చోటే షుక్ర్ చేయమన్న హుకుం కూడా ఉంది.

ఆ నీరసం సంగతి మనకు పట్టిందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలని డాక్టర్లు చెబుతారు. సత్వాసాకి ఎన్ని దేగ్‌లు దించారో చెప్పగలిగే మియాలు బీవీ హిమోగ్లోబిన్ ఎంతో చెప్పగలరా?

అమ్మ దగ్గరే ఆడపిల్లకు ఆరామ్ అని ఖాలాలు అంటారు. నిజమే. అమ్మ చేతి హరీరాకి సాటి లేదు. నా భార్య వెళ్తానంటే నేనే దించి వస్తాను. వెళ్లడం ఆమె మర్జీ, ఖర్చు నా ఫర్జ్. నానా, నానీ ఖుషీగా బిడ్డకు ఒక జోడా తెస్తే తోఫా అని కళ్లకద్దుకుంటాం. అడిగి, లెక్కగట్టి, తక్కువైతే మూతి తిప్పుకుని తీసుకునేది తోఫా ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. మొదటిది బేటానే కావాలని దుఆలు. సూరా షూరా 49వ ఆయత్‌లో సంతానం ప్రసాదించే మాట వచ్చినప్పుడు ఆడబిడ్డల ప్రస్తావనే ముందు. 2017లో తెలంగాణ సర్కారు కూడా కేసీఆర్ కిట్ కింద మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు అంది. మరి బేటీ అనగానే మన మొహాలు ఎందుకు వాడతాయి? ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల సత్వాసా మన నెత్తిన పడుతుందని కాదా? మామకు బిల్లు పంపేవాడు తన కూతురి పుట్టుకకు తానే భయపడే రోజును తయారు చేసుకుంటున్నాడు.

దిల్‌తో, జబాన్‌తో, అమల్‌తో చేసేదే షుక్ర్ అని ఉలమా చెబుతారు. మొదటి రెండింటికి పైసా ఖర్చు లేదు, అందుకే మనం అక్కడే ఆగిపోయాం. మీ ఇంట్లో కాన్పు దగ్గరపడుతుంటే ఈ రోజే సమధీ సాబ్‌కి ఫోన్ చేయండి. ‘ఖర్చు మాది, మీరు నిశ్చింతగా ఉండండి’ అనండి. అబ్బాయిల అమ్మీలు ఈ మాట ముందు అంటే ఇంకా మంచిది, ఎందుకంటే అవతలి ఇంట్లో భయం వాళ్లను చూసే.

మా కోసం కూడా దుఆ చేయండి. బేటానో బేటీనో అనకండి. జచ్చా-బచ్చా సలామత్‌గా ఉండాలి, అంతే.