తెర వెనక పాచికలు

మా అమ్మాయీ, దాని స్నేహితులు నలుగురూ నెలకి రెండు శనివారాలు మా భోజనాల బల్ల ఆక్రమించేస్తారు. మొదటిసారి ఆ బల్లమీద పాచికలు చూసి నా గుండె గుభేలుమంది. శకుని ఇంటికొచ్చాడనుకున్నానండీ! తీరా చూస్తే పైసా పందెం లేదు. ఒకరు గెలిచి ఒకరు ఓడడమూ లేదు. మరి ఇదేం ఆటర్రా అంటే, పకోడీలు తింటూ ఓపిగ్గా చెప్పారు.

దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేస్తే 1974లో బయటికొచ్చింది. ఒకరు కథ నడుపుతారు, ఆయనే గేమ్ మాస్టర్. మిగిలినవాళ్లకి తలో పాత్ర. మా అమ్మాయిది మంత్రగత్తె (ఇంట్లోనూ అంతే లెండి). 'ఈ గోడ దూకుతాను' అంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పడిన అంకెకి ఆ పాత్ర నేర్పు కలిపి, మాస్టర్ అనుకున్న అంకెని అందుకుంటే దూకినట్టు, లేకపోతే పడ్డట్టు. రాజులూ, రాక్షసులూ, దారినపోయే ముసలమ్మా, అందరి తరపునా మాట్లాడేది మాస్టరే.

ఆయన ముందు ఒక అట్ట తెర ఉంటుంది. తన పాచికలు దాని వెనకే వేసుకుంటాడు. ఎందుకంటారా? గదిలో ఉచ్చు ఉందేమోనని ఒకరు వెతికారనుకోండి. పాచిక అందరి ఎదుటా వేస్తే, చిన్న అంకె పడగానే 'సరిగ్గా వెతకలేదు' అని తెలిసిపోతుంది. ఇక 'ఏమీ కనబడలేదు' అంటే ఎవరు నమ్ముతారు? అందుకని తెర కావాలి. తెర వెనక ఏం పడిందో మాత్రం ఆయన చెప్పిందే వేదం.

పోయిన నెల టీ గ్లాసులతో ఆ అబ్బాయి వెనకనుంచి వెళ్తున్నాను. డ్రాగన్ మా అమ్మాయి మీద పడింది. ఎనిమిది నెలలుగా ఆడుతున్న పాత్ర, ఇంకొక్క దెబ్బ తగిలితే ఆఖరు. పాచిక దొర్లింది. ఇరవై! నా కళ్లతో చూశాను. ఆ అబ్బాయి గొంతు సవరించుకుని, "మూడు. తప్పింది" అన్నాడు. అందరూ ఒకటే చప్పట్లు. మా అమ్మాయి గంతేసింది.

కాసేపటికి ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"చూశారు కదా ఆంటీ?"

"చూశాను నాయనా."

చంపడానికి మనసొప్పలేదట. పాచికల్ని కాదనే హక్కు మాస్టర్‌కి ఉందని గైగాక్స్ 1979లో రాసిన పుస్తకంలోనే ఉందట. ఉండొచ్చు. నాకు మాత్రం మా అష్టాచెమ్మా గుర్తొచ్చింది. దాని ఆరేళ్లప్పుడు, జ్వరపడి లేచిందని, కావాలని ఓడిపోతుండేదాన్ని. దాని కాయని చంపే పందెం పడినా చూడనట్టు నటించేదాన్ని. ఓ రోజు పట్టేసింది. "అయితే నేనెప్పుడూ గెలవలేదా అమ్మా?" అంది. నిజంగా గెలిచిన ఆటలూ ఉన్నాయి. అవేవో ఇప్పుడెలా చెప్పను, చెప్పినా ఎలా నమ్ముతుంది? చాన్నాళ్లు నాతో గవ్వలు ముట్టుకోలేదు.

ఆ అబ్బాయికి ఈ సంగతే చెప్పి ఊరుకున్నాను. ఆ ఆట గురించి సలహా చెప్పడానికి నాకేం తెలుసు? కానీ రెండు వారాలు నాకు నిద్రపడితే ఒట్టు. "ఎంత అదృష్టమో చూశావా అమ్మా!" అని అది రోజూ అదే పాట. మీరైతే చెప్పేసేవారా?

తర్వాతి శనివారం ఆ అబ్బాయే చెప్పేశాడు. బల్ల దగ్గర మాటల్లేవు. ఒక కుర్రాడు "పోనీలే, బతికింది కదా" అన్నాడు. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. "మరి అంతకుముందు పడినవి?" అంది. ఇదొక్కటే అన్నాడు. నమ్మిందో లేదో నాకు తెలీలేదు.

చాలాసేపు వాదించుకున్నాక ఒక మాటకొచ్చారు. వెతకడాలూ రహస్యాలూ తెర వెనకే. ప్రాణం మీదికొచ్చే దెబ్బ మాత్రం బల్ల మధ్యలో. తన పాత్ర చావకూడదనుకునేవాళ్లు ముందే చెప్పాలి. మా అమ్మాయినీ అడిగాడు. "నాకేం మినహాయింపులు వద్దు" అంది.

ఆ రాత్రే డ్రాగన్ మళ్లీ వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు, చిల్లుల గరిటెతో నేనూ. పందొమ్మిది పడింది.

"చివరి మాట నువ్వే చెప్పు" అన్నాడా అబ్బాయి. ముక్కు ఎగబీలుస్తూ అయిదు నిమిషాలు చెప్పింది. తర్వాత కొత్త కాగితం లాక్కుని, "ఈసారి దొంగని ఆడతాను, కాస్త పెన్సిలివ్వు" అని అతన్నే అడిగింది. పకోడీల వాయి దించి ముందు దానికే పెట్టాను.