కనుమనాడు కాకి కూడా కదలదట, మనం మాత్రం రైలెక్కాలి!

చైనావాళ్ళ కొత్త సంవత్సరం వస్తే మన టీవీలో ఏటా ఒకటే వార్త, కిక్కిరిసిన రైల్వే స్టేషన్లు. "అబ్బో, ఎంత జనమో" అనుకుని ఛానెల్ మార్చేస్తాం. నన్నడిగితే అక్కడ చూడాల్సింది జనాన్ని కాదు, సెలవుని.

పండగ ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి భోంచెయ్యడం వాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యం. ఆపాటికి ఇల్లు దులిపి, గుమ్మానికి ఎర్రకాగితాలు అంటించి, పోయిన పెద్దలకి నైవేద్యం పెడతారు. పిల్లలకి ఎర్ర కవర్లలో డబ్బులు. మన ఉత్తరాంధ్రలో పెద్దపండగ కూడా ఇంచుమించు ఇంతే కదా! భోగికి పాతసామాను మంటల్లోకి, సంక్రాంతినాడు పెద్దలకి కొత్తబట్టలు పెట్టడం, కనుమకి కొత్తల్లుడితో సహా అందరూ ఒకే పంక్తిలో. (వాళ్ళకీ అరవై ఏళ్ళ చక్రం, అధికమాసం ఉన్నాయి. ఆ లెక్కలో మాత్రం అది మన ఉగాదికి చుట్టం.)

తేడా ఎక్కడంటే, చైనాలో 2025 నుంచి పండగ ముందురోజుని కూడా కలిపి చట్టప్రకారం నాలుగు రోజుల సెలవు చేశారు. శని, ఆదివారాలు అటూ ఇటూ జరిపి ఆ ఏడాది మొత్తం ఎనిమిది రోజులు ఇచ్చారు. బదులుగా కొన్ని వారాంతాల్లో పనిచెయ్యాలి. దానికి అక్కడ సణుగుడు కూడా ఉందనుకోండి.

మరి మనకి? హైదరాబాదు, బెంగుళూరుల్లో చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల పట్టికలో సంక్రాంతికి ఒక్కరోజే. గోదావరికి టిక్కెట్టు 60 రోజుల ముందు (2024 నవంబరు దాకా 120) కుస్తీపట్టి సంపాదించి, వైజాగ్‌లో దిగి, అరిసె నోట్లో పెట్టుకునేసరికి తిరుగు ప్రయాణం.

"లీవు పెట్టుకోవచ్చుగా?" అంటారు. అన్నకి దొరికితే చెల్లెలికి దొరకదు, ఇద్దరికీ దొరికితే అల్లుడికి రిలీజ్ ఉంటుంది. అందరికీ ఒకేసారి ఖాళీ దొరకడమే పండగ. ఎవరికి వాళ్ళు పెట్టుకునే లీవు విశ్రాంతి అవుతుంది గానీ పండగ అవదు.

స్టీల్‌ప్లాంటు సంగతి వేరు. బ్లాస్ట్ ఫర్నేస్‌ని పండగని చెప్పి ఆర్పలేరు, కోక్ ఓవెన్లు చల్లబడితే పాడవుతాయి. అందుకే ఉక్కునగరంలో, గాజువాకలో షిఫ్టు దిగాకే పండగ భోజనం. పోర్టులో ఓడ ఊరికే నిలబడితే డబ్బు కట్టాలి. సరే, ఒప్పుకుంటాను. మనం రాసే కోడు మూడురోజులు ఆగితే చల్లారిపోయేదేంటి? సపోర్టు వాళ్ళుంటారంటారా, సంక్రాంతి లేనివాళ్ళు ఇప్పుడు చూసుకుంటే, వాళ్ళ ఓణానికో క్రిస్మస్‌కో మనం చూస్తాం.

కంపెనీలని నేనడిగేది ఉచితంగా కాదు. భోగి, కనుమ కూడా మూసెయ్యండి, రెండు శనివారాలు వచ్చి పనిచేస్తాం. ఇక్కడ ఎంవీపీ కాలనీలోనో, అటు పల్లెలోనో అమ్మానాన్నలు వీడియో కాల్‌లో పండగ చేసుకునే ఇళ్ళు ఏటేటా పెరుగుతున్నాయి. మీ ఆఫీసులో ఎవరైనా ఇలా అడిగి చూశారా? ఏమన్నారో చెప్పండి.