గెల ధరే కాదు, చెక్క సంగతీ తేల్చండి

తాండూరు మిల్లుల్లో పప్పు పట్నానికి పోతే, పొట్టూ చున్నీ బర్రెల తొట్టిలోకి పోతాయి. కందిలో ఏదీ వృథా కాదు. ఆయిల్ పామ్ దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క మరిచిపోయాం. 2021లో కేంద్రం రూ.11,040 కోట్లతో మిషన్ ప్రకటించింది మొదలు, మాటంతా గెల ధర, నూనె శాతం చుట్టూనే.

గింజ నుంచి నూనె తీశాక మిగిలే చెక్కలో మాంసకృత్తులు సుమారు 14 నుంచి 18 శాతం. ఇండోనేసియా, మలేసియాల నుంచి ఓడలెక్కి న్యూజిలాండ్ ఆవుల దాకా వెళ్తున్న మేత ఇది. పీచు ఎక్కువ కనుక కోళ్లకు అంతగా పనికిరాదు. పాడి పశువుకు తవుడు, చున్నీతో కలిపి పెట్టవచ్చు. గొర్రెల విషయంలోనే భయం. చెక్కలోని రాగి వాటి కాలేయంలో పేరుకుంటుంది, నెలల తరబడి ఏమీ కనిపించదు, ఒక్కసారిగా జీవం పడిపోతుంది. అనంతగిరి చుట్టూ మందలు కాసేవాళ్లకు ఈ హెచ్చరిక బస్తా మీదే పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి.

మట్టలనూ ముక్కలు కొట్టి మేపవచ్చు. అన్నీ కొట్టానికే తోలితే చెట్టు మొదట్లో కప్పడానికేం మిగులుతుంది? పెదవేగిలోని ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ, పశుసంవర్ధక శాఖ కూర్చుని చెక్క, మట్టల మోతాదులు తేల్చాలి. ఆయిల్ పామ్ పాత మిల్లులేమో రాష్ట్రం ఆ చివర అశ్వారావుపేట వైపున్నాయి. లారీ కిరాయి కలిపాక కూడా వేరుశనగ చెక్క కంటే చౌకగా పడితేనే వికారాబాద్ రైతు ఈ చెక్క బస్తా ముట్టుకుంటాడు.